ట్యాపెట్టు సందు: ఇంటివద్దనే సరిచూచుకొను విధము

(సంఘసభ్యుల మాసిక సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము ఏదైన ఉపయోగకరమైన విషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు మమ్ములను కోరిరి. మోటారుసైకిలు ఇంజనులోని ఒక వెండ్రుకవాసి సందును గూర్చి మాటలాడెదమని మేము చెప్పగా కొందరు మిత్రులు నవ్విరి. సభలో ముచ్చటింపదగిన విషయము లెన్నియో ఉండగా సందును పట్టుకొంటిరేమని అడిగిరి. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. ఐనను ఇరువది సంవత్సరములుగా మా దుకాణపు సరకు పల్లెలకు పోవునది బండ్లమీదనే. బండి నడచిననాడు వ్యాపారము నడచును, బండి నిలిచిననాడు పద్దు నిలుచును. కావున ఈ సందు సంగతి మాకు వ్యాపారపు సంగతియే.

ఈ సభలో కూర్చున్నవారిలో ఎందరి ఇండ్లలో బండియే అన్నదాత యో ఒక్కసారి ఆలోచింపుడు. పాలు పోయువారు, కూరగాయలు తెచ్చువారు, చీరెలు మూటకట్టి ఊరూర అమ్మువారు, కంపెనీల పొట్లములు ఇంటింటికి చేర్చు పిల్లలు, వీరందరును ఉదయమున బండి కిక్కు కొట్టిన పిమ్మటనే కాఫీ రుచి ఎరుగుదురు. అందులో పెక్కు బండ్లు వాయిదాలమీద కొన్నవి. బండి పని చేసినను చేయకున్నను వాయిదా తేదీ ఆగదు.

గత సంవత్సరము మా దుకాణమునుండి సరకు తీసికొనిపోయి పల్లెలలో అమ్ముకొను యువకు డొకనికి కలిగిన నష్టమును చెప్పెదము. అతని బండి ఇంజను పైభాగమున టిక్కు టిక్కుమని చప్పుడు చేయసాగెను. ఒక పనివానివద్దకు తీసికొనిపోగా, అతడు పది నిమిషములలో ట్యాపెట్లు బిగించి పంపెను. చప్పుడు పూర్తిగా పోయెను. ఇంజను కుట్టుమిషను వలె మెత్తగా నడచుచున్నదని కుఱ్ఱవాడు సంతోషించి, అడిగినదానికంటె పది రూపాయలు ఎక్కువ ఇచ్చి వచ్చెను. రెండు నెలలు గడచునప్పటికి ప్రొద్దుట బండి మొదలగుట కష్టమాయెను. ఎగువ దారిలో లాగుట తగ్గెను. సైలెన్సరునుండి అప్పుడప్పుడు టప్పుమను ధ్వని వచ్చెను. కడకు పండుగ బేరముల నడుమ ఒకనాడు బండి మొదలు కానేలేదు. హెడ్డు విప్పి చూడగా పొగ వెలుపలికి పోవు వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టె వలె కాలి తరిగిపోయియుండెను. కొత్త వాల్వు, సీటు కోత, గాస్కెట్టు, కూలి, వీటన్నిటికంటె పండుగ రోజులలో పోయిన బేరము పెద్ద నష్టము.

పనివానికి దురుద్దేశ మేమియు లేదు. చప్పుడు పోగొట్టుమని అడిగిరి, అతడు పోగొట్టెను. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలు అందురు. మనుష్యుల విషయమున అది నిజమై యుండవచ్చును. ఇంజను విషయమున మాత్రము మౌనమును నమ్మరాదు. అది ఎందువలననో ముందుగా తెలిసికొందము.

నాలుగు దెబ్బల ఇంజనులో, అనగా ఫోర్ స్ట్రోకు ఇంజనులో, పిస్టను పైన రెండు ద్వారములు కలవు. ఒకదానినుండి పెట్రోలు కలిసిన గాలి లోనికి వచ్చును. రెండవదానినుండి కాలిన పొగ వెలుపలికి పోవును. ఆ ద్వారములకు తలుపులే వాల్వులు. క్యాంషాఫ్టు తిరిగి రాకరు అను చేతిని ఎత్తగా, రాకరు రెండవ కొన వాల్వు కాడ తలమీద నొక్కును. తలుపు తెరుచుకొనును. నొక్కుట విడువగానే స్ప్రింగు తలుపును మూయును. క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు ఒక్కొక్క వాల్వు ఒక్కసారి తెరుచుకొనును. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచుండగా ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 3,000 సార్లు, అనగా సెకనునకు 50 సార్లు తెరుచుకొని మూసికొనుచున్నదన్నమాట.

రాకరు కొనకును వాల్వు కాడ తలకును నడుమ, వాల్వు మూసియున్నపుడు, కొంచెము సందు విడువవలెను. దీనినే మనవారు ట్యాపెట్టు సందు, ట్యాపెట్టు గ్యాపు అని పిలుచుదురు. లోహము వేడికి పెరుగునని మనకు తెలియును. వేసవిలో పట్టాలు పెరుగునని రైలుదారిలో సందు విడిచినట్లే, కాడ వేడికి పొడవు పెరుగునని ఇచట సందు విడిచిరి. సందు లేకయే బిగించినచో, ఇంజను వేడెక్కి కాడ పెరిగినపుడు రాకరు దానిని నొక్కిపట్టును. తలుపు మూసికొనినట్లే కనబడును గాని పూర్తిగా మూసికొనదు. ఆ సన్నని సందులోనుండి మండుచున్న వాయువు దూసికొనిపోవును.

పొగ వాల్వునకు మరియొక కష్టము కలదు. అది నిత్యము నిప్పులలో నుండును. తన వేడిని అది దించుకొనుటకు ముఖ్యమైన మార్గము, మూసికొని సీటుమీద ఆనియుండు క్షణకాలము మాత్రమే. సీటుమీద ఆననిచో వేడి దిగు దారి లేదు. క్రమముగా అంచు కాలిపోవును. లోనికి గాలి వచ్చు వాల్వును చల్లని గాలి, పెట్రోలు చల్లార్చుచుండును గనుక దానికి అంత ప్రమాదము లేదు. పెక్కు ఇంజనులలో పొగ వాల్వునకు సందు కొంచెము ఎక్కువగా విధించుటకు కారణ మిదియే.

ఇక సందు మితిమీరినచో ఏమగును? రాకరు గాలిలో కొంత దూరము పోయి వాల్వు తలమీద సుత్తివలె కొట్టును. అదియే టిక్కు టిక్కుమను చప్పుడు. వాల్వు ఆలస్యముగా తెరుచుకొని ముందుగా మూసికొనును, పూర్తిగా తెరుచుకొనదు. బలము తగ్గును, భాగములు అరుగును. ఇదియు నష్టమే. కాని ఈ నష్టము ముందుగా కేకవేసి చెప్పును. బిగుతు సందు చెప్పదు. సొమ్ము బాకీ ఉండి రోజును వచ్చి మాటలాడు ఖాతాదారునకును, మాట లేక ఊరు విడిచిపోవు ఖాతాదారునకును గల భేద మిది.

సందు ఒకసారి సరిచేసిన తరువాత అట్లే ఉండదా యని అడుగవచ్చును. ఉండదు. రాకరు, క్యాము అరిగినకొలది సందు పెరుగును. వాల్వు అంచు, సీటు అరిగినకొలది వాల్వు కాడ పైకి జరిగి సందు తగ్గును. ఏ అరుగుదల ముందుగునో చెప్పజాలము. కావున చెవితో నిర్ణయింపరాదు, కొలిచి చూడవలెను.

మన పెద్దలలో ఎందరికో ఈ ట్యాపెట్ల గొడవ తెలియదు. కారణము వారు నడపిన బండ్లు. 1960వ దశకము ఆరంభమునుండి 1996 వరకు మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు రెండు దెబ్బల ఇంజనులు. 1985 నుండి 1996 వరకు వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 అట్టిదే. 1980లో వెలువడిన హోసూరు టి.వి.ఎస్. 50 కూడ అట్టిదే. వానిలో ఇట్టి వాల్వులే లేవు. పిస్టను తానే ద్వారములను మూసి తెరచును. పెట్రోలులో నూనె కలిపి పోసిన చాలును. అటుపిమ్మట పొగ నియమములు కఠినమైన కొలది రెండు దెబ్బల బండ్లు మరుగుపడెను. మూటలు మోయుటకు మన పల్లెలన్నిటను కనబడు టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. కూడ 2015లో నాలుగు దెబ్బల ఎక్స్.ఎల్. 100గా వెలువడెను. అనగా తాతగారి బండికి లేని వాల్వులు మనుమని బండికి వచ్చినవి. తాతగారి అలవాట్లతో దానిని పోషింపజాలము.

1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చినపుడు, పెట్రోలు నింపుము, మూత వేయుము, మరచిపొమ్మను అర్థము గల ప్రకటన దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. పెట్రోలు పొదుపు విషయమున ఆ మాట నిజమే. కాని మనవారు కొందరు పెట్రోలుతోపాటు ట్యాపెట్లను కూడ మరచిరి.

ఇంటివద్ద ఏ బండికి ఈ పని చేయవచ్చునో, దేనికి చేయరాదో చెప్పెదము. రాకరు కొనకు చిన్న స్క్రూ, దానిని పట్టియుంచు నట్టు గల ఇంజనులకు ఇంటివద్ద చేసికొనవచ్చును. సి.డి. 100, స్ప్లెండరు మొదలగు 100 సి.సి. బండ్లు ఈ జాతివి. రెండు క్యాంషాఫ్టులు గల కొన్ని వేగపు బండ్లలో స్క్రూ ఉండదు. షిమ్మను చిన్న బిళ్లలను మార్చి సందు సరిచేయవలెను. దానికి క్యాంషాఫ్టు తీయవలసి వచ్చును గనుక అట్టి బండిని కార్ఖానాకే పంపుడు. స్కూటర్లకును ట్యాపెట్లు కలవు, కాని పై రేకులు, ప్లాస్టికు తొడుగులు విప్పవలసి యుండును. మొదటి పాఠము స్కూటరుమీద నేర్వకుండుట మంచిది. వారంటీ కాలములో ఉన్న బండిని కూడ విప్పరాదు.

బుల్లెట్టు సంగతి వేరు. 1955లో స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియావారు మద్రాసు తిరువొత్తియూరులో తయారుచేయ మొదలిడిన ఆ బండి మన కుటుంబములు కొన్నిటిలో తండ్రినుండి కుమారునకు వచ్చిన ఆస్తి. దాని పాత పోతయినుము సిలిండరు ఇంజనుకు ఒక పద్ధతి, ఆ తరువాత 2008-09 ప్రాంతమున వచ్చిన ఇంజనుకు మరొక పద్ధతి. ఆ రెండవదానిలో నూనె ఒత్తిడితో సందు తనంత తాను సరియగు హైడ్రాలికు ట్యాపెట్లు కలవు. వానిని మనము సరిచేయవలసిన పని లేదు. 2020 చివర మీటియరుతో వచ్చిన కొత్త 350 ఇంజనులో సందు సరిచూచు పని మరల వచ్చినది. కావున బుల్లెట్టు అనగానే చేయి పెట్టక, అది ఏ ఇంజనో తెలిసికొనుడు.

కావలసిన పనిముట్లు కొద్దియే. మొదటిది ఫీలర్ గేజి. విసనకఱ్ఱ వలె విచ్చుకొను పలుచని ఉక్కు ఆకుల కట్ట యిది. ఒక్కొక్క ఆకుమీద దాని మందము చెక్కియుండును. మీ బండికి కావలసిన మందము గల ఆకు అందులో ఉన్నదో లేదో అంగడిలోనే చూచి కొనవలెను. రెండవది ట్యాపెట్టు తాళము, అనగా స్క్రూ చదరపు తలను పట్టు చిన్న పనిముట్టు. పిమ్మట తగిన స్పానర్లు, ప్లగ్గు స్పానరు, శుభ్రమైన బట్ట, నూనె పట్టుటకు ఒక పాత పళ్లెము. అన్నిటికంటె ముఖ్యమైనది బండితో ఇచ్చిన పుస్తకము. సందు ఎంత ఉండవలెనో, ఎన్ని కిలోమీటర్లకు చూడవలెనో అందులో ఉండును. హోండా పాత 100 సి.సి. ఇంజనులలో రెండు వాల్వులకును 0.05 మి.మీ. సందు విధించిరి. మనము పద్దులు వ్రాయు సాధారణమైన కాగితము మందము సుమారు 0.1 మి.మీ. ఉండును. అందులో సగమన్నమాట. ఒకే పేరు గల బండికి సైతము సంవత్సరమును బట్టి అంకె మారవచ్చును గనుక, పొరుగువాని బండి అంకెను మీ బండికి పెట్టవలదు.

ఇక పని. సి.డి. 100, స్ప్లెండరు జాతి బండిని దృష్టాంతముగా తీసికొందము.

మొదటి నియమము: ఇంజను పూర్తిగా చల్లబడియుండవలెను. రాత్రి నిలిపిన బండిని తెల్లవారినపుడు చూచుట ఉత్తమము. బజారునుండి వచ్చి కాఫీ త్రాగి మొదలుపెట్టరాదు. వేడి ఇంజనులో కొలిచిన కొలత చల్లని ఇంజనుకు విధించిన అంకెతో సరిపోలదు.

బండిని చదునైన నేలమీద సెంటరు స్టాండు వేసి, న్యూట్రలులో ఉంచి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనుడు. పెట్రోలు కుళాయి ఉన్నచో మూయుడు. దగ్గర దీపము, బీడీ, అగరువత్తి ఉండరాదు. ఇంజను పైభాగమును, మూతల చుట్టును బట్టతో తుడువుడు. ఇది చూపునకై చేయు పని కాదు. మూత తీసినపుడు ఒక్క ఇసుక రేణువు లోపల పడినను అది నూనెతో కలిసి తిరుగుచుండును.

ప్లగ్గు టోపీ లాగి, ప్లగ్గు విప్పుడు. ఇంజను చేతితో సులభముగా తిరుగుటకు ఇది అవసరము. ఈ జాతి ఇంజను ముందుకు పరుండియుండును. గాలి వాల్వు మూత పైన, పొగ వాల్వు మూత క్రింద ఉండును. రెండు మూతలను తగిన స్పానరుతో విప్పుడు. క్రింది మూత తీయునపుడు కొంచెము నూనె కారును. పళ్లెము అందులకే. మూతలలోని రబ్బరు వలయములను జాగ్రత్తగా దాచుడు. ఎడమ ప్రక్క పెద్ద కవరుమీద రెండు మూతలు కలవు. నడుమనున్నది క్రాంకు త్రిప్పుటకు, పైనున్న చిన్నది గుర్తు చూచుటకు. ఆ రెండును విప్పుడు.

ఇప్పుడు పిస్టను కంప్రెషను చివర, పైమెట్టున ఉండవలెను. అప్పుడే రెండు వాల్వులును మూసియుండును. పెక్కుమంది తప్పుదారి పట్టునది ఇచటనే గనుక మెల్లగా చెప్పెదము. ఎడమ ప్రక్కనుండి చూచుచు నడిమి బోల్టును స్పానరుతో గడియారపు ముల్లునకు ఎదురుగా త్రిప్పుడు. గాలి వాల్వు రాకరు క్రిందికి నొక్కి మరల పైకి వచ్చుటను చూడుడు. అది పైకి వచ్చిన తరువాత ఇంకను త్రిప్పుచుండగా, చిన్న కిటికీలో మొదట ఎఫ్ అను గుర్తు, పిమ్మట టి అను గుర్తు కనబడును. ఎఫ్ గుర్తు నిప్పురవ్వ పడు కాలమునకు సంబంధించినది, మనకు పనిలేదు. టి గుర్తును కవరుమీది గుర్తుకు ఎదురుగా నిలుపుడు. ప్లగ్గు రంధ్రముమీద మరియొకరు బొటనవ్రేలు ఉంచినచో, ఈ దెబ్బలో గాలి వ్రేలిని నెట్టుట తెలియును. అది మంచి సాక్ష్యము.

టి గుర్తు క్రాంకు ప్రతి చుట్టునకును ఒకసారి వచ్చును. కాని రెండు వాల్వులు మూసియుండునది రెండు చుట్లలో ఒక్కసారి మాత్రమే. కావున గుర్తు కలిసిన తరువాత రెండు రాకర్లను వ్రేళ్లతో కదిపి చూడుడు. రెండును కొద్దిగా ఆడవలెను. ఏ ఒక్కటైనను బిగిసియున్నచో పొగ వెళ్లు దెబ్బ చివరనుండి యుండవచ్చును. ఇంకొక పూర్తి చుట్టు త్రిప్పి మరల చూడుడు. అప్పుడును బిగుతుగానే ఉన్నచో ఆ వాల్వునకు సందే లేదని గ్రహింపవలెను. టి గుర్తు దాటిపోయినచో వెనుకకు త్రిప్పవలదు. రెండు చుట్లు ముందుకే త్రిప్పి మరల రండు.

ఇప్పుడు కొలత. తగిన ఆకును తుడిచి, కొంచెము నూనె రాచి, స్క్రూ కొనకును వాల్వు తలకును నడుమ దూర్చుడు. బరువైన పద్దుపుస్తకము క్రిందనుండి కాగితము లాగినట్లు, మెత్తని పట్టుతో ఆకు జరుగవలెను. పట్టు లేక జరిగినచో సందు ఎక్కువ. దూరనే దూరనిచో తక్కువ. బలముతో నెట్టిన ఆకు వంగిపోవును, వంగిన ఆకు అబద్ధమాడును. మీ ఆకు దూరి, దానికంటె ఒక మెట్టు మందమైన ఆకు దూరకున్నచో సందు సరిగా ఉన్నట్లు. అట్టి ట్యాపెట్టును ముట్టుకొనవలదు. సరిగా ఉన్నదానిని సరిచేయబూనుట మన కుఱ్ఱవారికి గల పెద్ద వ్యసనము.

సరిచేయవలసి యున్నచో, స్క్రూ తలను ట్యాపెట్టు తాళముతో కదలకుండ పట్టి, నట్టును రింగు స్పానరుతో వదులు చేయుడు. ఆకును సందులోనే ఉంచి స్క్రూను కొంచెము కొంచెముగా త్రిప్పుడు. ఆకునకు తగిన పట్టు రాగానే ఆపి, స్క్రూను అట్లే కదలకుండ పట్టి నట్టును బిగింపుడు. బిగించునపుడు స్క్రూ కూడ కొంత తిరుగుట సహజము. కావున బిగించిన తరువాత మరల కొలువవలెను. మొదటిసారికే సరిపడునని ఆశింపవలదు. రెండు మూడుమార్లు విప్పి బిగించుట అవమానము కాదు. రెండు వాల్వులును ముగిసిన తరువాత క్రాంకును రెండు చుట్లు త్రిప్పి, టి గుర్తు కలిపి, ఇంకొకమారు కొలువుడు. బేరము ముగిసిన తరువాత సొమ్ము రెండవసారి లెక్కపెట్టుకొనునట్లే యిది.

పిమ్మట మూతల రబ్బరు వలయములు పగిలియున్నచో కొత్తవి వేసి, నూనె రాచి, మూతలను ముందు చేతితో మరలు కలిపి, తరువాత స్పానరుతో మితముగా బిగింపుడు. హెడ్డు అల్యూమినియము. ఎద్దు బలము చూపినచో మరలు తెగును. ప్లగ్గును కూడ మొదట వ్రేళ్లతోనే త్రిప్పి ఎక్కించుడు. విప్పిన ప్రతి వస్తువు తిరిగి చేరినదో లేదో చూచి, నూనె మట్టము పరీక్షించి, అప్పుడు ఇంజను మొదలిడుడు. సన్నని, సమానమైన టిక్కు వినబడినచో భయపడవలదు. అది ఆరోగ్యపు నాడి.

పాత పోతయినుము బుల్లెట్టునకు కొలత ఆకు అవసరము లేదు. దానిలో క్యాము క్రింద ఉండి, పొడవైన రెండు పుష్‌రాడ్లు పైనున్న రాకర్లను ఎత్తును. ఇంజను వేడెక్కినపుడు సిలిండరు, హెడ్డు పెరుగుటచే సందు దానంతట ఏర్పడును. కావున చల్లగా ఉన్నపుడు సందు శూన్యముగా ఉంచుదురు. ఇంజను కుడిప్రక్కనున్న ట్యాపెట్టు కవరు విప్పి, పిస్టనును కంప్రెషను పైమెట్టున నిలిపి, పుష్‌రాడ్డును రెండు వ్రేళ్లతో పట్టుకొనుడు. అది గుండ్రముగా సులభముగా తిరుగవలెను. కాని క్రిందికి మీదికి ఆడరాదు. తిరుగుటకు మొరాయించినచో బిగుతు, మీదికి క్రిందికి ఆడినచో వదులు. క్రింది కొననున్న నట్టు వదులు చేసి సరిచేసి, బిగించి, మరల త్రిప్పి చూడుడు. ఈ శూన్యపు నియమము ఆ ఇంజనుకే చెల్లును. బుల్లెట్టుమీద చేయి తిరిగినవారు కొందరు ఇదే పద్ధతిని 100 సి.సి. బండ్లకు కూడ పెట్టుట కలదు. మేము చెప్పిన యువకుని వాల్వునకు పట్టిన గతి వానికిని పట్టును.

ఈ పనితో అన్ని రోగములు కుదురునని మేము చెప్పుట లేదు. సందు సరిగా ఉండియు బండి కష్టముగా మొదలగుచున్నచో, లాగుట తక్కువైనచో, వాల్వు ఇదివరకే కాలియుండవచ్చును, పిస్టను రింగులు అరిగియుండవచ్చును. అపుడు మంచి పనివానివద్దకు పోవలెను. ఒకే వాల్వు సందు ప్రతిసారియు తగ్గుచునే ఉన్నచో అది వాల్వు, సీటు తరిగిపోవుచున్నదని చెప్పు గుర్తు. దానిని కనిపెట్టవలెనన్న పాత కొలతలు వ్రాసియుండవలెను. కావున ఒక చిన్న పుస్తకములో తేదీ, కిలోమీటర్లు, గాలి వాల్వు సందు, పొగ వాల్వు సందు, సరిచేసితిమా లేదా అను ఐదు గడులు గీసి వ్రాసికొనుడు. బాకీపద్దులు వ్రాయు చేతికి ఇది కష్టము కాదు.

పనివారిమీద మాకు చిన్నచూపు లేదు. మా దుకాణపు బండ్లకు నేటికిని వారి చేయియే దిక్కు. ఐతే బండిని వారికి అప్పగించునపుడు చప్పుడు పోగొట్టుమని చెప్పక, పుస్తకములోని అంకె చూపి, ఇంత సందు ఉంచుమని చెప్పుడు. ఇంజను చల్లబడువరకు బండిని వారివద్ద విడువుడు. తొందరపెట్టి వేడి ఇంజనుమీద పని చేయించి, పిమ్మట పనివానిని నిందించుట న్యాయము కాదు. తెలిసి అడుగువానికి పనివాడు కూడ గౌరవముతో పని చేయును.

తల్లులకు ఒక మాట. ఈ పనికి బలము అక్కరలేదు, ఓపిక కావలెను. అప్పడములు ఒకే మందమున ఒత్తు చేతులకు ఆకు పట్టు తెలిసికొనుట ఎంత సేపు? మన బాలికలు స్కూటర్లు నడపుచునే ఉన్నారు. అన్నదమ్ములు పని చేయుచుండగా దీపము పట్టుకొని నిలుచుటతో వారిని సరిపెట్టక, ఆకును వారి చేతికి కూడ ఈయుడు.

ఒక ఫీలర్ గేజి, ఒక ట్యాపెట్టు తాళము నాలుగు ఇండ్లకు చాలును. సంఘపు గదిలో ఒక జత ఉంచుటకు కార్యవర్గమువారు సమ్మతించిరి. రాబోవు ఆదివారము ఉదయము ఏడు గంటలకు, రాత్రి నిలిపిన బండిని కిక్కు కొట్టక, చేతితో నెట్టుకొని, పుస్తకముతో సహా తెచ్చినవారికి మేమును, పని తెలిసిన మిత్రులును ప్రక్కనుండి చేయించెదము. దూరమునుండి బండి నడపుకొని వచ్చువారు మాత్రము చూచి నేర్చుకొని, మరునాటి ఉదయము తమ ఇంటివద్ద చేసికొనవలెను. వేడి ఇంజనును ఆనాడు ఎవరు తెచ్చినను విప్పబోము.